పాటస్తున్నది, మాటస్తలేదు

మన ఇంటి పేజీలో ఇప్పటిదాకా పెద్దవాళ్ళ ముచ్చట్లు, పెళ్ళిళ్ళ ఫోటోలు, పద్మానగర్‌లో తొలిరోజుల కష్టాలు వచ్చాయి. ఈసారి నా వంతు. ఏం రాయమంటారు అని అడిగితే మా అత్తమ్మ, "కారుల టీవీ సంగతి రాయి, అందరికి పనికొస్తది" అన్నారు. అందుకే అదే రాస్తున్నాను.

ముందు నా తెలుగు గురించి ఒక మాట. నేను బెటగేరి అమ్మాయిని. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నార్పోలికి వచ్చి నేర్చుకున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి చదవడం తొందరగానే వచ్చింది. రాయడం ఇంకా వస్తూ ఉంది. ఉద్యోగం ఐరోలిలో, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్ళు చేసిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతికి, అది వాళ్ళకు అర్థమయ్యేలా రాయడం నా పని.

మా మామయ్య సిరిసిల్ల నుంచి 1979లో భివండీకి వచ్చారు. అప్పట్లో కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి ఎంతమంది పద్మశాలీలు ఇలా సాంచల పనికి ఇక్కడికి, షోలాపూర్‌కి, సూరత్‌కి వెళ్ళారో మీకు చెప్పక్కర్లేదు. మీలో సగం మంది ఇళ్ళ కథ అదే. మామయ్య ముప్పై నాలుగేళ్ళు కార్ఖానాల్లో పనిచేశారు. మొదట సాంచలు నడిపారు, తర్వాత సాంచలు బాగుచేసే జాబర్ అయ్యారు. అన్నేళ్ళ చప్పుడు ఆయన చెవుల మీద పడింది. ఇంట్లో టీవీ గట్టిగా పెడతారు, ఫోన్‌లో "ఆఁ? ఆఁ?" అంటారు. ఇది మాకు అలవాటైపోయిన సంగతి.

ఇక కారు. రెండేళ్ళ కింద మా ఆయన ఏడు సీట్ల పాత కారు ఒకటి కొన్నారు. అంతకు ముందు దాన్ని వాడినవాళ్ళు ముందు సీట్ల తలదిండ్ల వెనక రెండు స్క్రీన్లు బిగించుకున్నారు. ఒక్కోదానికి సొంత పెన్‌డ్రైవ్ స్లాట్, సొంత హెడ్‌ఫోన్ రంధ్రం. కుడివైపు స్క్రీన్ మా పెద్దపాపది. ఎడమవైపుది మామయ్యది. ఆయనకు మోకాలి నొప్పి, ఫుట్‌పాత్ వైపు దిగడం సులువని ఎడమ సీటు ఎప్పుడూ ఆయనకే.

భివండీ నుంచి మనవైపు పోయే దారి మీకు తెలుసు. 61వ నంబర్ జాతీయ రహదారి భివండీ దగ్గర మొదలై కల్యాణ్, ముర్బాడ్, మాళశేజ్ ఘాట్ మీదుగా అహ్మద్‌నగర్, అంటే ఇప్పటి అహిల్యానగర్ చేరుతుంది. అక్కణ్ణుంచి పర్భణీ, నాందేడ్, భైంసా, నిర్మల్ దాటి జగిత్యాలలో ఆగుతుంది. మన రెండు ఊళ్ళను కుట్టడానికే వేసినట్టుంటుంది ఆ రోడ్డు. పొద్దున బయలుదేరితే చీకటి పడినా చేరం. అంతసేపు పిల్లలకూ పెద్దలకూ ఏదో ఒకటి కావాలి. స్పీకర్లలో సినిమా పెడితే బండి నడిపే మనిషికి ఇబ్బంది. అందుకే వెనక స్క్రీన్లు, హెడ్‌ఫోన్లు.

పోయిన ఏడాది షోలాపూర్ పెళ్ళికి మావాళ్ళు ఈ కారులో వెళ్ళారు. ఆఫీసులో రిలీజ్ ఉండి నేను పోలేదు. తిరిగొచ్చాక దారిలో జరిగింది నవ్వుతూ చెప్పారు. మామయ్య దారి పొడుగునా ఒకటే మాట అన్నారట, "పాటస్తున్నది, మాటస్తలేదు." సౌండ్ పెంచితే పాటే పెరిగిందట. ఆయనకు ఇష్టమని మాయాబజార్ పెడితే, "ఇండ్ల అయితే ఏమొస్తలేదు, ఉత్త బొమ్మలే" అన్నారట. పక్కనే పాప తన స్క్రీన్‌లో హాయిగా వింటోంది. అందరూ తేల్చేశారు, తాత చెవులు ఇంకా పోయాయి అని. ఆయన కూడా హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారట.

టెస్టర్ల పనిలో దీన్ని పోలిన సంగతి రోజూ చూస్తాం. ఒక మాడ్యూల్‌లో తప్పులు ఎక్కువ అని పేరు పడితే, ఏ కొత్త తప్పు కనిపించినా అది దాని ఖాతాలోనే పడుతుంది. ఇక వెతికేవాళ్ళు ఉండరు. ఇక్కడ ఆ పేరు పడింది మామయ్య చెవులకు. కానీ ఆయన మాట మళ్ళీ ఒకసారి చదవండి. "వినపడట్లేదు" అని ఆయన అనలేదు. కొత్త సినిమాలో పాట వస్తోంది, మాట రావట్లేదు అన్నారు. పాత సినిమాలో ఏదీ రావట్లేదు అన్నారు. ఎక్కడ ఏది వస్తోంది, ఏది రావట్లేదు అని విడదీసి చెప్పారు. మా ఆఫీసులో ఎవరైనా ఇంత వివరంగా రాసిస్తే చేతులెత్తి దండం పెడతాం.

పాట వచ్చి మాట రాకపోవడానికి కారణాలు మూడు ఉండొచ్చు.

ఒకటి చెవులు. పెద్ద చప్పుళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ముందు పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. అచ్చుల బలం తక్కువ స్థాయిలో ఉంటుంది. స, శ, చ లాంటి హల్లుల పదును పై స్థాయిలో ఉంటుంది. ఆ పదును పోతే గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం తెలియదు.

రెండోది ఫైలు. కొత్త సినిమాల్లో చాలావాటికి 5.1 సౌండ్ ఉంటుంది. అంటే ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక రెండు, బరువైన చప్పుళ్ళకు ఇంకొకటి. మాటలు ఎక్కువగా ఆ మధ్య దాంట్లో పెడతారు. చవక ప్లేయర్లలో కొన్ని వీటన్నిటినీ సరిగ్గా కలపకుండా ఎడమ, కుడి మాత్రమే వినిపిస్తాయి. అప్పుడు సంగీతం మోగుతుంది, మాటలు మాయమవుతాయి.

మూడోది హెడ్‌ఫోన్ పిన్, లేదా అది దూరే రంధ్రం. పిన్ మీద నల్ల గీతలు చూసే ఉంటారు. ఆ గీతల మధ్య ముక్కల్లో ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి, ఒకటి రెండిటికీ కలిపి తిరుగుదారి. ఆ తిరుగుదారినే గ్రౌండ్ అంటారు. అది తెగితే కరెంటుకు పోయే దారి వేరే లేక, ఎడమ స్పీకర్‌లోంచి కుడి స్పీకర్‌లోకి అడ్డంగా పోతుంది. అప్పుడు రెండు వైపుల మధ్య తేడా ఎంతుందో అంతే వినిపిస్తుంది. ఇద్దరు ఒకే బలంతో తాడును చెరో వైపు లాగితే తాడు కదలదు కదా, అలాగే రెండు వైపులా సమానంగా ఉన్న శబ్దం చచ్చిపోతుంది. స్టీరియో సినిమాలో మాటలను సాధారణంగా రెండు వైపులా సమానంగా పెడతారు. వాద్యాలను అటూ ఇటూ పరుస్తారు. కాబట్టి గ్రౌండ్ తెగితే వాద్యాలు మిగిలి మాట పోతుంది.

ఇప్పుడు మాయాబజార్ దగ్గరికి రండి. అది 1957 సినిమా. అప్పటి మన సినిమాలు మోనో, అంటే శబ్దం అంతా ఒకే పాయ. రెండు చెవులకూ వచ్చేది అదే కాబట్టి తేడా సున్నా. గ్రౌండ్ తెగితే మాటా రాదు, పాటా రాదు. "ఉత్త బొమ్మలే." చెవుల తప్పయితే పాత సినిమాలో పాటైనా కొంత వినిపించాలి. 5.1 తప్పయితే ఒకే పాయ ఉన్న పాత సినిమా చక్కగా రావాలి. మామయ్య చెప్పిన రెండు మాటలకూ సరిపోయేది మూడో కారణం ఒక్కటే.

ఇది ఊహ. ఊహను పరీక్ష పెట్టి చూడకుండా నమ్మకూడదు. బతుకమ్మకు సిరిసిల్ల పోవాలి, దానికి ముందు ఆదివారం గల్లీలో కారు పెట్టి కూర్చున్నాం. మా పద్ధతి ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. రెండు కలిపి మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదట మనిషిని మార్చాం. సీటు అదే, హెడ్‌ఫోన్ అదే, సినిమా అదే, చెవులు మాత్రం పాపవి. పెట్టుకుని అర నిమిషం విని, "అమ్మా, పాట బావిలోంచి వస్తున్నట్టుంది, మాట లేదు" అంది. మామయ్యకు ఆ మాట సైగతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. సీటు పక్కన నిలబడి, పాప చెవి మీది హెడ్‌ఫోన్‌ను చూస్తూ ఉండిపోయారు.

తర్వాత అదే హెడ్‌ఫోన్‌ను కుడి స్క్రీన్‌కు పెట్టాం. మాట శుభ్రంగా వచ్చింది. అంటే హెడ్‌ఫోన్ మంచిదే. కుడివైపు పెన్‌డ్రైవ్ తీసి ఎడమవైపు పెట్టి అదే సినిమా నడిపాం. మాట రాలేదు. అంటే ఫైలు కాదు. కుడివైపు హెడ్‌ఫోన్ తెచ్చి ఎడమవైపు పెట్టాం. మాట రాలేదు. అన్నీ మారినా తప్పు ఆ ఒక్కచోటనే నిలిచింది, ఎడమ స్క్రీన్ హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గర. పిన్‌ను వేలితో కొద్దిగా కిందికి నొక్కితే మాట వచ్చింది, వదిలితే పోయింది. ఇక అనుమానం లేదు.

అక్కడే ఎందుకు చెడింది? అది మామయ్యే కనిపెట్టారు. మూడో వరసలోకి పిల్లలు ఎక్కేది ఎడమ తలుపు నుంచే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేలాడుతున్న వైరు వాళ్ళ కాళ్ళకు, సంచులకు తట్టుకుంటుంది. ప్రతి లాగుడూ పిన్ మీద, పిన్ లోపలి టాంకా మీద పడుతుంది. "నాడె రోజు ఒక్క జాగల్నే తాకితే ఆడ్నే అరుగుతది" అన్నారు. ఇక్కడివాళ్ళు ధోటా అనే నాడె గురించి ఆయనకు తెలియనిది లేదు.

నార్పోలిలోనే మొబైల్ రిపేర్ చేసే అబ్బాయి స్క్రీన్ విప్పి చూశాడు. గ్రౌండ్ కాలు దగ్గర టాంకాకు వెంట్రుకంత పగులు. మళ్ళీ వేసి మూడు వందలు తీసుకున్నాడు. వంకర మెడ ఉన్న పిన్ కొన్నాం, వైరును తలదిండు కడ్డీకి క్లిప్‌తో బిగించాం, ఇక కాళ్ళకు తగలదు. బాగుచేశాక పరీక్షలన్నీ మొదటి నుంచి మళ్ళీ చేశాం. బాగైందనుకోవడం వేరు, బాగైందని చూసుకోవడం వేరు.

మీ కారులో తప్పు ఇంకోలా ఉండొచ్చు. అందుకని నాకు తెలిసినవి కొన్ని చెబుతాను. స్క్రీన్ అసలు వెలగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత గ్రౌండ్ వైరు బిగింపు చూడండి. ఒక్కటే వెలగకపోతే దాని వైరు చూడండి, రెండూ వెలగకపోతే రెండిటికీ కలిసి కరెంటు వచ్చే చోట చూడండి. ముందు యూనిట్ నుంచి వైరుతో బొమ్మ వచ్చేవాటిలో పసుపు పిన్ బొమ్మకు, ఎరుపు, తెలుపు సౌండుకు. నలుపు తెలుపులో దొర్లే బొమ్మ వస్తే పాల్, ఎన్‌టీఎస్‌సీ పద్ధతుల పేచీ కావచ్చు. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీగా ఉండేవి. సెట్టింగుల్లో మార్చే వీలుంటుంది. పెన్‌డ్రైవ్ కనబడకపోతే దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి, అందులో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ముందు వేరే చోట దాచుకోండి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే ఆ వీడియో కొత్త హెచ్.265 పద్ధతిలో ఉండి ఉండొచ్చు. హెచ్.264లోకి మార్చుకుంటే పాత స్క్రీన్లు చాలావరకు చూపిస్తాయి. తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే ఫైలు చెడలేదు, ఆ స్క్రీన్‌లో తెలుగు అక్షరాలు లేవంతే. పేరుకు ముందు 1, 2, 3 అని అంకెలు వేసుకోండి, తాతలకు కూడా సులువు. బండి కదిలినప్పుడు ముందు స్క్రీన్‌లో బొమ్మ ఆగిపోతే అది తప్పు కాదు, నడిపే మనిషి చూడకూడదని హ్యాండ్‌బ్రేక్‌కు కలిపి పెట్టిన ఏర్పాటు. దాన్ని ఎవరితోనూ తీయించకండి.

బతుకమ్మకు పోతూ మామయ్య మాయాబజార్ మొదటి నుంచి చివరిదాకా విన్నారు. నాందేడ్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అందరం "చెవులు మంచిగనే ఉన్నాయి, టీవీదే తప్పు" అనుకుని ఊరుకునేవాళ్ళం. కానీ ఒక తప్పు దొరికిందంటే రెండోది లేదని అర్థం కాదు. సిరిసిల్లలో పాప ఏదో అడిగితే మామయ్య మళ్ళీ "ఆఁ?" అన్నారు. నేను ఆయన్ను సూటిగా అడిగాను, ఏది వస్తోంది, ఏది రావట్లేదు అని. కారు విషయంలో చెప్పినట్టే విడదీసి చెప్పారు. "మొగోళ్ళ మాట తెలుస్తది బిడ్డా. పిల్లలది, నీది, మీ అత్తది ఇనొస్తది గని సమజైతలేదు. పంకా నడుస్తుంటే ఇంక కష్టం." ఇన్నేళ్ళుగా ఆయన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కన్నడంలో కివి అంటాం, తెలుగులో చెవి. ఏ భాషలోనైనా "వినపడదు" అనే ఒక్క మాట వేసేసి లోపలికి చూడకుండా వదిలేస్తాం.

ఠాణేలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో స్థాయి శబ్దం, ఒక్కో చెవికి విడివిడిగా వినిపించారు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం, మా ఆదివారం పనే ఇక్కడ ఇంకా పద్ధతిగా. కాగితం మీద గీత మొదట్లో బాగానే ఉండి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద చప్పుళ్ళలో పనిచేసినవాళ్ళ గీత ఇలాగే ఉంటుందని డాక్టరు చెప్పారు. లోపలి చెవిలోని సన్నని రోమ కణాలు చచ్చిపోతే తిరిగి రావు.

దీని లెక్క కూడా తెలుసుకోండి. 85 డెసిబెల్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ సలహా. ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌లో ఉండదగ్గది పదిహేను నిమిషాలు. నాడె సాంచల షెడ్డులో చప్పుడు 90 దాటి 100 చుట్టూ ఉంటుంది. మామయ్య పన్నెండు గంటల పాళీలు చేశారు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో, చప్పుడు వల్ల వచ్చే చెవుడు పేరు పని వల్ల వచ్చే జబ్బుల వరసలో ఉండేది. కానీ చిన్న చిన్న షెడ్లలో దాన్ని కొలిచేదెవరు? లోపల మాట్లాడుకోవడానికి సైగలు, పెదవుల కదలిక. ఏ సాంచ తేడాగా నడుస్తోందో మామయ్య ఇనుము మీద అరచెయ్యి ఆనించి చెప్పేవారట.

ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటున్నారు. అవి కొత్త చెవులు కావు. మొదటి నెల గిన్నెల చప్పుడుకు ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టేవారు, డాక్టరు రెండుసార్లు సరిచేశాక అలవాటయ్యాయి. పాప ఎదురుగా కూర్చుని, మొహం చూపిస్తూ, అరవకుండా మెల్లగా మాట్లాడితే చాలావరకు అందుతోంది. పాప తెలుగులో ఎక్కువసేపు మాట్లాడేది తాతతోనే. బయట హిందీ, మరాఠీ, బళ్ళో ఇంగ్లీషు. ఆయనకు వినపడదు అని ఇంట్లో తేల్చేసిన ఏళ్ళలో, "తాతకు చెప్పినా తెలియదు" అని పాప చెప్పడం మానేస్తూ వచ్చింది. కారు టీవీ కన్నా నాకు గుబులు పుట్టించింది అదే.

మీ ఇళ్ళలోనూ సాంచల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళు "వినపడట్లేదు" అంటే మూడు అడగండి. ఏది వస్తోంది, ఏది రావట్లేదు? ఎక్కడ, ఏ వస్తువులో? అదే చోట మీరు కూర్చుని మీ చెవులతో వింటే ఎలా ఉంది? తర్వాత చెవుల పరీక్ష కూడా చేయించండి, యంత్రంలో తప్పు దొరికినా సరే. ఇంకా సాంచల మీదున్న మన పిల్లలకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొనివ్వండి, ఎక్కువ ఖరీదు కాదు. కారులో పిల్లల హెడ్‌ఫోన్ సౌండుకు ఒక హద్దు పెట్టండి.

మామయ్య ఇప్పుడు కారు ముందు అరలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నారు. కార్ఖానాలో జాబర్‌గా ఉన్నప్పుడు సాంచ నంబర్ వేసి తప్పు రాసుకునేవారట, అదే అలవాటు. పోయిన వారం అందులో కొత్తగా రాసిన లైను, "కుడి దిక్కు టీవీ. పాట, మాట రెండు ఒస్తున్నయి. బొమ్మ ఎనకకొస్తున్నది." సౌండ్ కన్నా బొమ్మ ఆలస్యంగా వస్తోందని. ఈ ఆదివారం అది చూడాలి.